సీడీ4 బాగుంది, వైరల్ లోడ్ కనబడటం లేదు. మరి ఈ షుగర్, ఈ పొట్ట ఎందుకు?

నీలిగాలి (చర్చ మొదలుపెట్టినవారు), రాత్రి 10:42

అందరికీ నమస్కారం. వయసు 44. హెచ్‌ఐవీ ఉంది, తొమ్మిదేళ్లుగా దాన్ని అణిచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. మాత్ర ఒక్క రోజు కూడా తప్పలేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను. మొదలుపెట్టినప్పుడు సీడీ4, అంటే రోగనిరోధక కణాల లెక్క, 140. ఇప్పుడు 640. ఆరేళ్లుగా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ దొరకలేదు, అనే వస్తోంది. ఆ మాట కళ్లారా చూసుకున్నాకే నాకు నిద్ర పడుతుంది.

పోయిన వారం వేరే పని మీద రక్తపరీక్షలు చేయించాల్సి వచ్చింది. పరగడుపు షుగర్ 118. రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 236. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34. బీపీ చూస్తే 138/88. కాగితం ఇంటికి తెచ్చుకుని నా బెల్టు తీసి చూశాను. మూడేళ్ల కిందట పెట్టుకునే బెజ్జం చుట్టూ తోలు అరిగి తెల్లబడి ఉంది. ఇప్పుడు పెట్టుకునేది చివరి బెజ్జం. మధ్యలో ఉన్న రెండూ ఎప్పుడు దాటిపోయానో నాకే తెలియలేదు.

క్లినిక్‌లో అడిగితే “సీడీ4 బ్రహ్మాండంగా ఉంది, మీకేం ఫరవాలేదు” అని రెండు నిమిషాల్లో పంపేశారు. ఇన్నేళ్లు ఆ ఒక్క అంకె కోసమే బతికాను. అది బాగుంటే ఒళ్లు బాగున్నట్టే అనుకున్నాను. నేను పొరబడ్డానా? ఇదంతా మాత్రల వల్లా, వైరస్ వల్లా, నా తిండి వల్లా?

పాతమొక్క, రాత్రి 11:20

తమ్ముడూ, ముందు ఆ కాగితం పక్కన పెట్టి పడుకో. ఈ అంకెలు ఈ రాత్రికి రాత్రి ఏమీ చెయ్యవు. కానీ “ఫరవాలేదు” అన్న మాట మాత్రం ఒప్పుకోకు.

నేను స్టావుడిన్ అనే పాత హెచ్‌ఐవీ మందు కాలం మనిషిని. ఆ మందు మా ప్రాణాలు కాపాడింది, కాదనను. కానీ బుగ్గల్లో కొవ్వు కరిగిపోయి ముఖం పీక్కుపోయేది. చేతుల మీద నరాలు తాళ్లలా తేలేవి. మనం చెప్పకపోయినా ముఖమే చెప్పేసేది. అప్పట్లో అడిగితే “బతికున్నావు కదా” అనేవారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును క్రమంగా మానిపించమని చెప్పింది. నా బుగ్గలు మాత్రం తిరిగి రాలేదు. అందుకే ఎవరైనా ఒంట్లో మార్పు వచ్చిందని చెబితే నేను తేలిగ్గా తీసుకోను. నువ్వు అడిగింది సరైన ప్రశ్నే.

తెల్లకోటు, ఉదయం 6:55

నీలిగాలి గారూ, నేను డాక్టర్‌ని, హెచ్‌ఐవీ ఉన్నవారినే ఎక్కువగా చూస్తాను. మిమ్మల్ని పరీక్ష చెయ్యలేదు కాబట్టి మందులు చెప్పను. లోపల ఏం జరుగుతోందో మాత్రం చెబుతాను.

వైరల్ లోడ్ చెప్పేది వైరస్ అదుపులో ఉందా లేదా అని. సీడీ4 చెప్పేది దాన్ని ఎదుర్కొనే కణాలు ఎన్ని ఉన్నాయని. ఆ కణాలు ఎంత నెమ్మదిగా ఉన్నాయో, ఎంత రేగి ఉన్నాయో ఈ రెండు అంకెల్లో కనబడదు. అసలు కథ అక్కడే ఉంది.

వైరస్ ఒంట్లో చేరిన తొలి వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 కణాలను పెద్ద ఎత్తున చంపేస్తుంది. పేగులో కాపురం ఉండే బ్యాక్టీరియాకూ రక్తానికీ మధ్య ఉన్న కంచె ఆ గోడే. కంచె వదులైతే బ్యాక్టీరియా తునకలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంటాయి. మందులతో వైరస్ అణిగినా చాలామందిలో ఆ కంచె మునుపటిలా బిగుసుకోదు. జారిన ప్రతి తునకకూ రోగనిరోధక కణాలు లేచి కూర్చుంటాయి. ఏళ్ల తరబడి సాగే ఈ సన్నని మంటనే మేం ఇన్‌ఫ్లమేషన్ అంటాం. ఇది ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది. హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. మోనోసైట్లనే తెల్లకణాలు రక్తనాళాల గోడల్లోకి దూరి, కొవ్వు మింగి, అక్కడే ఉండిపోతాయి. గుండెనాళాల్లో పూడిక మొదలయ్యేది అలాగే.

ఇక పొట్టలోని కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు. ఐఎల్-6 లాంటి మంట పెంచే పదార్థాలను అది కూడా వదులుతూ ఉంటుంది. అంటే రోగనిరోధక వ్యవస్థ జీవక్రియను చెడగొడుతుంది, చెడిన జీవక్రియ మళ్లీ ఆ వ్యవస్థనే రేపుతుంది. కొవ్వు కణజాలంలో వైరస్ దాక్కున్న కణాలు కూడా దొరికాయి. కాబట్టి మీ షుగర్‌నూ మీ హెచ్‌ఐవీనీ వేరువేరు ఫైళ్లలో పెట్టి చూడకూడదు.

మెటబాలిక్ సిండ్రోమ్ అనే మాట విని ఉంటారు. ఐదు కొలతలు చూస్తాం, మూడు గీత దాటితే ఆ పేరు పెడతాం. నడుం చుట్టుకొలతకు గీత ఏ జాతివారన్న దాన్ని బట్టి మారుతుంది. మిగతావి: ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, హెచ్‌డీఎల్ మగవారిలో 40 కన్నా, ఆడవారిలో 50 కన్నా తక్కువ, బీపీ 130/85 లేదా ఆపైన, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన. మీ బెల్టు కొలవకుండానే మీకు నాలుగు దాటాయి. 118 అంటే షుగర్ జబ్బు కాదు. ఆ గీత 126 దగ్గర ఉంది, అదీ మరోసారి పరీక్ష చేసి ఖాయం చేసుకోవాలి. ఇంకా చేతిలో ఉన్న పరిస్థితే మీది. అందుకే ఇప్పుడే కదలాలి.

సందెవెలుగు, ఉదయం 9:10

డాక్టర్ గారూ, మాత్రల సంగతి కూడా చెప్పండి. నేను ఎఫావిరెంజ్ అనే పాత హెచ్‌ఐవీ మందు నుంచి డోలుటెగ్రావిర్ అనే కొత్తదానికి మారాక పద్నాలుగు నెలల్లో 11 కిలోలు పెరిగాను. తిండి మారలేదు, పని మారలేదు. చెబితే “మీరు ఎక్కువ తింటున్నారేమో” అన్నారు. ఆ మాటకు ఇంటికొచ్చి ఏడ్చాను. కంచంలో ఏం పెట్టుకుంటున్నానో మూడు నెలలు నోటుబుక్కులో రాశాను, నేను అబద్ధం చెప్పడం లేదని నాకు నేనే నిరూపించుకోవడానికి.

తెల్లకోటు, ఉదయం 9:48

సందెవెలుగు గారూ, మీరు అబద్ధం చెప్పడం లేదు. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ అనే అధ్యయనం 2019లో వెలువడింది. వెయ్యి మందికి పైగా పాల్గొన్నారు. 48 వారాలకు ఆడవారిలో, డోలుటెగ్రావిర్‌తో పాటు టెనోఫోవిర్ అనే మరో హెచ్‌ఐవీ మందు కొత్త రూపమైన టీఏఎఫ్ వాడినవారు సగటున 6 కిలోలకు పైగా పెరిగారు. డోలుటెగ్రావిర్‌తో పాత రూపం టీడీఎఫ్ వాడినవారు 3 కిలోలకు పైగా పెరిగారు. ఎఫావిరెంజ్ వాడినవారు 2 కిలోల లోపు. మగవారిలోనూ బరువు పెరిగింది, అయితే ఆడవారిలో ఎక్కువ.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎఫావిరెంజ్ కొందరిలో బరువును అణిచిపెట్టి ఉంచుతుంది. అది ఆపగానే ఆ అణిచిపెట్టడం పోతుంది. కొత్త మందు ఎంత పెంచింది, పాత మందు పోవడం వల్ల ఎంత పెరిగింది అన్నది ఒక మనిషిలో విడదీసి చెప్పడం కష్టం. మొదట్లో సీడీ4 బాగా తక్కువగా ఉండి మందులు మొదలుపెట్టినవారిలో కొంత బరువు ఆరోగ్యం తిరిగొచ్చినందుకే పెరుగుతుంది. నీలిగాలి గారు 140తో మొదలుపెట్టారు, ఆయన మొదటి కిలోలు అలాంటివే అయ్యుండొచ్చు. ఈమధ్య పెరిగిన పొట్ట మాత్రం ఆ లెక్కలోకి రాదు.

ఒంటరిబాట, మధ్యాహ్నం 1:05

నా అనుభవం చెబుతాను, తిట్టకండి. బరువు పెరుగుతోందని టెన్షన్ పడి డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర ఆరు వారాలు ఆపేశాను. వైరల్ లోడ్ ఎలాగూ కనబడటం లేదు కదా, కొంచెం విరామం ఇస్తే ఒళ్లు తేలికపడుతుందనిపించింది. రెండు కిలోలు తగ్గాను. మళ్లీ మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. సీడీ4 ఎక్కువ ఉన్నవాళ్లు అప్పుడప్పుడు విరామం ఇవ్వచ్చేమో కదా?

పాతమొక్క, మధ్యాహ్నం 1:21

తిట్టను నాయనా. కానీ దయచేసి మళ్లీ ఆ పని చెయ్యకు. నా స్నేహితులు ఇద్దరు విరామం అంటూ మొదలుపెట్టి తిరిగి రాలేదు. మిగతాది డాక్టర్ గారు చెప్పాలి, నాకు రాయడానికి చేతులు ఆడటం లేదు.

తెల్లకోటు, మధ్యాహ్నం 2:30

ఒంటరిబాట గారూ, చెప్పినందుకు మెచ్చుకుంటున్నాను. మీ క్లినిక్‌లోనూ చెప్పి ఈ వారంలోనే వైరల్ లోడ్ చేయించండి.

మీరు అడిగినదాన్నే స్మార్ట్ అనే అధ్యయనంలో పరీక్షించారు. 5,472 మంది. సీడీ4 350 దాటినవారినే తీసుకున్నారు. సగం మంది మందులు ఆపకుండా వాడారు. మిగతా సగం ఆపేసి, సీడీ4 250 కన్నా తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెట్టారు. ఫలితాలు 2006లో వచ్చాయి. విరామం ఇచ్చినవారిలో అవకాశవాద జబ్బులు (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అదను చూసి వచ్చేవి), మరణాలు రెండింతలకు పైగా ఎక్కువ. అంతవరకు ఊహించిందే. ఎవరూ ఊహించనిది ఇంకొకటి బయటపడింది. గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు కూడా విరామం ఇచ్చినవారిలోనే ఎక్కువయ్యాయి. మందులు ఆపితే కొవ్వులూ షుగరూ సర్దుకుని గుండె బాగుపడుతుందనుకున్నారు, జరిగింది తలకిందులు. వైరస్ తిరిగి లేచినప్పుడు రేగే మంట మాత్రల కన్నా గుండెకు ఎక్కువ చేటు చేస్తుందని అప్పుడే గట్టిగా తెలిసింది.

బరువు ఇబ్బంది పెడితే మాట్లాడుకోవడానికి దారులున్నాయి. ఏ దారిలో వెళ్లినా మాత్ర మాత్రం ఆగకూడదు.

సందెవెలుగు, మధ్యాహ్నం 2:44

ఒంటరిబాట గారూ, నాకూ అదే ఆలోచన వచ్చింది, మీరు ఒక్కరే కాదు. పరీక్ష చేయించుకుని ఇక్కడ ఒక్క మాట రాయండి. ఎదురుచూస్తాను.

ల్యాబ్‌నేస్తం, సాయంత్రం 5:40

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. నీలిగాలి గారు మళ్లీ పరీక్షకు వెళ్లే ముందు రెండు మూడు మాటలు.

హెచ్‌బీఏ1సీ అనే మూడు నెలల సగటు షుగర్ పరీక్ష ఉంది కదా, హెచ్‌ఐవీ మందులు వాడేవారిలో అది అసలు షుగర్ కన్నా తక్కువ చూపించే అవకాశం ఉంది. జిడోవుడిన్ వాడేవారిలో ఇది బాగా కనబడుతుంది, ఎర్రకణాలు పరిమాణం పెరిగి, వాటి ఆయుష్షు మారడం వల్ల. అబాకవిర్‌తోనూ చూశారు. అందుకని హెచ్‌బీఏ1సీ 5.6 వచ్చిందని నిశ్చింతగా కూర్చోకండి, పరగడుపు షుగర్ కూడా చూడాలి. పరగడుపు అంటే కనీసం 8 గంటలు. మంచినీళ్లు తాగొచ్చు. పాలు కలిపిన టీ గుటక వేసి “ఏమీ తినలేదండీ” అనేవారిని రోజూ చూస్తాను, ఆ గుటకతో ట్రైగ్లిజరైడ్ల లెక్క మారిపోతుంది.

డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే వ్యర్థం) కొంచెం పెరిగి కిడ్నీ పాడైపోయిందని హడలిపోయేవారు ఉన్నారు. క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే ఒక దారిని ఆ మందు కాస్త మూస్తుంది, అంతే. కిడ్నీ వడపోత అలాగే ఉంటుంది. అయితే మొదటి కొన్ని వారాల తర్వాత కూడా పెరుగుతూనే పోతే అది వేరే సంగతి, చూపించుకోవాలి.

సీడీ4 కూడా రోజులో వేళను బట్టి, జలుబు జ్వరాన్ని బట్టి కిందామీదా పడుతుంది. 640 పోయి 560 వస్తే గుండె జారిపోనక్కర్లేదు. సీడీ4 శాతం ఇంకొంచెం నిలకడగా ఉంటుంది, రిపోర్టులో దాని పక్కనే రాసి ఉంటుంది చూడండి.

నీలిగాలి, రాత్రి 9:15

ఇంత ఓపిగ్గా చెబుతున్నందుకు అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నేను 140 దాకా పడిపోయాను కదా, ఆ పడిపోవడం ఇప్పటికీ లెక్కలోకి వస్తుందా? 640కి వచ్చాక కూడానా?

తెల్లకోటు, రాత్రి 10:05

వస్తుంది. సీడీ4 ఒకప్పుడు ఎంత కిందికి దిగిందన్నది తర్వాతి ఏళ్లలో గుండె జబ్బు, షుగర్ ముప్పుతో ముడిపడి ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనబడింది. కణాల సంఖ్య తిరిగొచ్చినా ఆ వ్యవస్థ తిన్న దెబ్బ గుర్తుంటుంది. సీడీ4ను సీడీ8 అనే మరో రకం రోగనిరోధక కణాల లెక్కతో భాగిస్తే వచ్చే నిష్పత్తి దీనికి ఒక ఆనవాలు. ఆరోగ్యవంతుల్లో అది మామూలుగా 1 పైనే ఉంటుంది. మందులతో సీడీ4 500 దాటినవారిలో కూడా చాలామందికి అది 1 కిందే ఉండిపోతుంది, ఎందుకంటే సీడీ8 కణాలు రేగి ఎక్కువగానే ఉంటాయి. మీ పాత రిపోర్టుల్లో ఆ అంకె ఉంటే చూసుకోండి. పెంచడానికి వేరే మందు లేదు కాబట్టి దాని కోసం నిద్ర మానుకోకండి. మిగతా ముప్పులు తగ్గించుకోవడానికి అదొక కారణం, అంతే.

మీ వయసుకు సంబంధించి ఒక ముఖ్యమైన సంగతి. రిప్రీవ్ అనే అధ్యయనం 2023లో వెలువడింది. హెచ్‌ఐవీ మందులు వాడుతున్న, గుండె ముప్పు తక్కువ నుంచి మధ్యస్థంగా ఉన్న 7,769 మంది, 40 నుంచి 75 ఏళ్ల వారు. మామూలు లెక్కల ప్రకారం వీరిలో చాలామందికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇవ్వరు. సగం మందికి రోజూ పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద సంఘటనలు స్టాటిన్ తీసుకున్నవారిలో 35 శాతం తక్కువ. కండరాల నొప్పులు, కొత్తగా షుగర్ రావడం కొద్దిగా ఎక్కువ కనబడ్డాయి. మీకు షుగర్ ఇప్పటికే గీత మీద ఉంది కాబట్టి ఆ సంగతి మీ డాక్టర్‌తో నేరుగా మాట్లాడండి. నా అభిప్రాయం అడిగితే, నలభై దాటిన హెచ్‌ఐవీ మనిషికి ఈ మాట ఎత్తకుండా పంపించడం మా వైపు పొరపాటే.

వానచినుకు, రాత్రి 10:30

నాదొక ప్రశ్న. గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తే హెచ్‌ఐవీ సంగతి చెప్పాలా? నేను బీపీకి చూపించుకునేటప్పుడు చెప్పలేదు. అక్కడ కూర్చున్న మనిషి చూపు మారిపోతుందని భయం. ఒకసారి పంటి డాక్టర్ దగ్గర చెబితే అపాయింట్‌మెంట్ వాయిదా వేసి మళ్లీ పిలవలేదు. అప్పటి నుంచి నోరు రావడం లేదు.

పాతమొక్క, రాత్రి 10:58

అమ్మా, ఆ పంటి డాక్టర్ చేసింది తప్పు, నీది కాదు. నేను కూడా పదేళ్లు ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒక చిన్న పని చేశాను. నా మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, లోపలికి వెళ్లాక “నేను వాడే మందులు ఇవి, వీటితో కుదిరేవే రాయండి” అని చేతికి ఇస్తాను. ఆ మాట నోటితో అనక్కర్లేదు. చదివినవారికి అర్థమవుతుంది. గది బయట, నలుగురి ముందు అడిగితే జవాబు చెప్పను.

తెల్లకోటు, మర్నాడు ఉదయం 7:12

పాతమొక్క గారి కాగితం పద్ధతి చాలా మంచిది. ఎందుకు అవసరమో చెబుతాను. రిటోనవిర్, కోబిసిస్టాట్ ఉన్న హెచ్‌ఐవీ మందులు వాడేవారికి సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ ఇవ్వకూడదు. రక్తంలో ఆ స్టాటిన్ మోతాదు విపరీతంగా పెరిగి కండరాలు కరిగిపోయే ప్రమాదం ఉంది. ఆస్తమాకు వాడే ఫ్లూటికాసోన్, కీళ్లలోకి వేసే ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్ కూడా వాటితో కలిస్తే ఒంట్లో స్టెరాయిడ్ పేరుకుంటుంది. ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, కారణం తెలియక తిరిగేవారిని చూశాను.

డోలుటెగ్రావిర్ వాడేవారికి షుగర్ కోసం మెట్‌ఫార్మిన్ రాస్తే, రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. అందుకే సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వం. మీ మందులు తెలియని డాక్టర్ 2000 రాసే అవకాశం ఉంది కదా.

ఒంటరిబాట, ఉదయం 8:20

రక్తం ఇచ్చి వచ్చాను. ఫలితం రావాలి.

ఇంకో మాట అడగనా? రోగనిరోధక శక్తి పెరగాలని క్యాల్షియం, ఐరన్, జింక్ ఉన్న మాత్ర ఒకటి వేసుకుంటున్నాను, డోలుటెగ్రావిర్‌తో కలిపి పరగడుపునే. రెండూ ఒకేసారి అయితే మర్చిపోనని.

తెల్లకోటు, ఉదయం 8:41

అది వెంటనే మార్చండి. ఆ ఖనిజాలు కడుపులో డోలుటెగ్రావిర్‌ను పట్టుకుని రక్తంలోకి వెళ్లనివ్వవు. డోలుటెగ్రావిర్ వేసుకున్న 2 గంటల తర్వాత ఆ మాత్ర వేసుకోవాలి, లేదా ఆ మాత్ర ముందు వేసుకుంటే 6 గంటలు ఆగి డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రం భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. అసిడిటీకి వాడే అల్యూమినియం, మెగ్నీషియం మందులకు ఈ వెసులుబాటు లేదు. అసలు మీకు ఆ మాత్ర అవసరమా అన్నది కూడా అడగండి.

పాతమొక్క, ఉదయం 10:15

నీలిగాలి తమ్ముడూ, నేను చేసినవి చెబుతాను. మొదట సిగరెట్ మానేశాను. మందులు సరిగ్గా వాడేవారిలో హెచ్‌ఐవీ కన్నా సిగరెట్టే ఎక్కువ ఆయుష్షు తినేస్తోందని మా డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటకే మూడు ప్రయత్నాల తర్వాత ఆగింది. నువ్వు తాగుతావో లేదో రాయలేదు, తాగుతుంటే అన్నిటికన్నా ముందు అదే. తర్వాత నడక, దానితో పాటు వారానికి రెండు రోజులు బరువులు. నా కాళ్లు స్టావుడిన్ రోజుల్లోనే పుల్లల్లా అయిపోయాయి. కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవడం నాకు పరీక్ష. మొదట్లో నాలుగుసార్లు. ఇప్పుడు పద్దెనిమిది. తీపి కలిపిన పానీయాలు మానేశాక ట్రైగ్లిజరైడ్లు దిగాయి, అంత తొందరగా దిగుతాయని నేను అనుకోలేదు.

తెల్లకోటు, ఉదయం 10:40

షుగర్ గీత మీద ఉన్నవారి గురించి 2002లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఒంటి బరువులో 7 శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగర్ జబ్బు 58 శాతం తగ్గింది. అది హెచ్‌ఐవీ వారి మీద చేసింది కాదు. అయినా నేను అదే లక్ష్యం పెడతాను. పాతమొక్క గారి కుర్చీ పరీక్ష కూడా నోట్ చేసుకున్నాను.

ఒంటరిబాట, నాలుగు రోజుల తర్వాత

వైరల్ లోడ్ 310. మూడు నెలల తర్వాత మళ్లీ చేస్తామన్నారు. మందు పనికిరాకుండా పోయిందని ఇప్పుడే అనుకోవద్దన్నారు. ఆరు వారాల విరామం సంగతీ, ఐరన్ మాత్ర సంగతీ రెండూ చెప్పేశాను. కౌన్సెలర్ కోప్పడలేదు, గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. ఇప్పుడు మాత్ర రాత్రి, ఖనిజాల మాత్ర మధ్యాహ్నం భోజనంతో.

సందెవెలుగు, అదే రోజు

చెప్పినందుకు చాలా సంతోషం. మూడు నెలలకు గుర్తు చేస్తాను, ఫోన్‌లో పెట్టుకున్నాను.

నీలిగాలి, ఏడు వారాల తర్వాత

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. వేరే డాక్టర్‌కి చూపించుకున్నాను. నా కాగితం, మందుల పట్టిక, ఈ చర్చలో రాసుకున్న ప్రశ్నలు తీసుకెళ్లాను. ఆవిడ నలభై నిమిషాలు మాట్లాడారు. టేపు పెట్టి నడుం కొలిచారు. తొమ్మిదేళ్లలో నా నడుం కొలిచిన మొదటి డాక్టర్ ఆవిడే.

పరగడుపు షుగర్ రెండోసారి 114. హెచ్‌బీఏ1సీ 5.7, కానీ ల్యాబ్‌నేస్తం గారు చెప్పినట్టే ఆవిడ కూడా దాన్ని పూర్తిగా నమ్మలేదు. సీడీ4, సీడీ8 నిష్పత్తి 0.7. స్టాటిన్ మొదలుపెట్టారు, మూడు నెలలకు షుగర్ మళ్లీ చూస్తామన్నారు. ఏఆర్‌టీ మాత్ర మార్చలేదు. బీపీ ఇంట్లో రోజూ ఉదయం చూసి రాయమన్నారు, రాస్తున్నాను. నిన్న 128/82.

బెల్టు ఇంకా చివరి బెజ్జం దగ్గరే ఉంది. కానీ అక్కడ ఇప్పుడు కాస్త వదులు తెలుస్తోంది.

వానచినుకు, అదే రాత్రి

అన్నా, నేనూ కాగితం రాశాను. రేపు పది గంటలకు గుండె డాక్టర్ దగ్గరికి. కొలెస్ట్రాల్ పరీక్ష కూడా అన్నారు, ఖాళీ కడుపుతోనే కదా వెళ్లాలి?

నీలిగాలి, అదే రాత్రి

అవునమ్మా, మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. నీ మాత్ర మాత్రం దాని వేళకు వేసుకో. వచ్చాక రాయి.